బాహూరు చిరునామా

“ఒక్క చిరునామా, అంతే గదమ్మా. పేరు కొడితే వచ్చేస్తుంది” అన్నాడు పంకజం ఎదురుగా కూర్చున్న మనిషి.

పక్క బల్ల దగ్గరున్న ఫణిధర్ తలెత్తి చూశాడు. విద్యుత్ సంస్థ ఆఫీసులో ఈ డేటాబేస్ గదిలోకి బయటివాళ్లను రానివ్వరు. గేటు దగ్గర ఏం చెప్పి వచ్చాడో తెలియదు. ముప్పై దాటిన వయసు, నలగని తెల్లచొక్కా, ఒళ్లో గట్టిగా అదిమి పట్టుకున్న నల్లసంచి.

“తిన్నావా?” అంది పంకజం.

ఎవరొచ్చినా ఆవిడ మొదట అడిగేది అదే. తరాల కిందట పుదుచ్చేరిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఆవిడది. ఊళ్లోని ప్రతి మీటరు, ప్రతి ఇంటి వివరం దాచిన ఆ డేటాబేస్‌కు ఆవిడే పెద్దదిక్కు. యానాం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఫణిధర్ ఆవిడ కింద పనిచేస్తున్నాడు. ఆఫీసు సంగతులు తప్ప ఇంటి సంగతులు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

“తినేదానికి రాలేదు. ప్రీతిక యాడుందో చెప్పమ్మా. కరెంటు తన పేరు మీదే తీసుకుందంట.”

ఆ పేరు వినగానే ఫణిధర్ చేతివేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

వానాకాలంలో వచ్చిందా అమ్మాయి. దవడ వాచి ఉంది, కుడిచెయ్యి కట్టులో ఉంది. మొగుడు కత్తితో పొడవబోతే తప్పించుకుని, ఆస్పత్రిలో కోలుకుని వచ్చింది. వాడు పరారీలో ఉన్నాడు. కొత్త గదికి మీటరు కావాలి గానీ, చిరునామా మాత్రం వాడి చెవిన పడకూడదు. ఆ రోజు పంకజం ఆ అమ్మాయిని పక్కనే కూర్చోబెట్టుకుని ఆమె రికార్డుకు తాళం వేసింది. కౌంటరులో గుమాస్తా వెతికినా, పై అధికారి వెతికినా చిరునామా ఉండాల్సిన చోట చుక్కలే కనిపిస్తాయి. పంకజం పాస్‌వర్డ్ ఒక్కటే దాన్ని తెరవగలదు.

“ఏం చేస్తావు తెలుసుకోని?”

“ఇంటికి తీస్కపోతా. నా పెండ్లాం గదా.”

“రానంటే?”

“రానంటే అప్పుడు చూసుకుంటా” అంటూ వాడు సంచిని నిమిరాడు.

ఫణిధర్ ఇక ఉండబట్టలేక లేచాడు. “మేడమ్, బయటివాళ్లు ఇక్కడ ఉండకూడదు. సెక్యూరిటీని పిలవమంటారా?”

“నీ పని నువ్వు చూసుకో తంబీ.”

పై అధికారి రాజేంద్రన్ స్వయంగా ఎవరిదో చిరునామా అడిగితే, ఆర్డరు లేనిదే ఇవ్వనని ముఖం మీదే చెప్పిన మనిషి ఆవిడ. అలాంటిది, ఇప్పుడు మారుమాట లేకుండా పాస్‌వర్డ్ కొట్టింది. చుక్కలు పోయి అక్షరాలొచ్చాయి. తెరను వాడివైపు తిప్పింది.

“బాహూరు. చెరువుకట్ట దాటినాక ఎడమచేతి సందు. నీలం గేటు. ఎట్లా పోతావు?”

“కారుంది.”

“ఒక్కడివేనా?”

“ఒక్కణ్ణే” అంటూనే వాడు లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

“ఎంత పని చేశారండీ! చంపేస్తాడండీ ఆవిణ్ణి!”

పంకజం తెర మీంచి చూపు తిప్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. వాడు ముందే బెదిరించి ఉంటాడనుకున్నాడు ఫణిధర్. భయపడ్డ మనిషితో వాదించి లాభం లేదు. మెట్లు దిగి, బైకు తీశాడు.

ముదలియార్‌పేట దాటడానికే ప్రాణం పోయినంత పనైంది. ముందొక బస్సు, పక్కనొక లారీ. పోలీసులకు ఫోన్ చేస్తే లైను కలవలేదు. వరిపొలాల మధ్య బండిని ఎంత తోలినా ఏ కారులోనూ తెల్లచొక్కా మనిషి కనబడలేదు. దవడ వాచిన ఆ ముఖమే కళ్ల ముందు మెదులుతోంది.

నీలం గేటు బార్లా తెరిచి ఉంది. ముందు కారు ఆగి ఉంది, తలుపైనా వేయలేదు. లోపల ఏదో దబ్బున పడింది, వెంటనే ఒక కేక.

ఫణిధర్ లోపలికి పరిగెత్తాడు.

గదిలో చాప లేదు, చెంబు లేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు తెల్లచొక్కా మనిషిని నేలకు అదిమిపట్టి ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ మణియమ్మ నల్లసంచిలోంచి పొడుగాటి కత్తి బయటికి తీస్తోంది.

“పట్టిస్తివి గదమ్మా! నన్ను పట్టిస్తివే!” అని వాడు గోడకేసి అరుస్తున్నాడు.

“ఖాళీ ఇల్లు సార్ ఇది” అంది మణియమ్మ, ఫణిధర్ మెడలోని ఆఫీసు కార్డు చూసి. “వీడు ఇవాళ వస్తాడని మీ మేడమే నిన్న మాకు చెప్పింది.”

ఫణిధర్ ఆఫీసుకు తిరిగొచ్చేసరికి పంకజం అదే కుర్చీలో ఉంది. క్యారేజీ మూత తీయలేదు.

“తప్పుగా అనుకున్నాను, క్షమించండి మేడమ్. ప్రీతిక ఎలా ఉంది?”

“బాగుంది. యాడుందో ఇప్పుడు రికార్డులో లేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ డేటాబేస్‌లో ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు తంబీ. నిన్న బాహూరని రాసినా. ఎంక్వైరీ పెడితే పెట్టనీ.” క్యారేజీని పక్కకు జరిపి, “వాణ్ణి కొట్టినారా?” అని అడిగింది.

“పెనుగులాడాడండి. మోచెయ్యి కొంచెం గీసుకుపోయింది.”

“తాగేదానికి నీళ్లేమన్నా ఇచ్చినారా?”

ఫణిధర్‌కు ఒళ్లు మండింది. “వాడికి నీళ్లేంటండీ! ఆ కత్తి చూసి ఉంటే మీరిలా అడిగేవారు కాదు. అలాంటి వాణ్ణి ఏ తల్లి కన్నదో గానీ...”

“నేనే కన్నా తంబీ.”