రెండోసారి అడిగిన డ్రా

“డ్రా చేసుకుందామా బాబాయ్?” చదరంగం బల్ల మీద తన రాజును మూలకు జరిపి అడిగాడు ఛాంపియన్.

ఎదురుగా నాలుగు గంటలుగా కూర్చున్న దర్జీకి నడుం పడిపోయింది. ఇరవై ఏళ్లుగా పోటీలకు వస్తున్నా పెద్ద ఆటగాడి మీద ఒక్కసారీ గెలవలేదు. ఇదే ఆఖరిదని ఇంటావిడకు మాటిచ్చి వచ్చాడు.

“జాలి చూపకు నాయనా. తొందరగా ఓడించెయ్, ఇంటికెళ్లి పడుకుంటా.”

“జాలేంటి! నాతో డ్రా అంటే మీకెంత పేరు!”

“అది చిరుగు మీద మాసిక లాంటి పేరు. వద్దు.”

“పోనీ, ఇంకోసారి ఆలోచించండి బాబాయ్.”

దర్జీ తలెత్తాడు. ఇంతటివాడు రెండోసారి బతిమాలడమేమిటి? ఛాంపియన్ చూపు దర్జీ గుర్రానికే అతుక్కుపోయి ఉంది.

ఇంతసేపూ తన రాజును కాపాడుకోవడంతోనే సరిపోయింది దర్జీకి. ఇప్పుడు కళ్లద్దాలు తుడుచుకుని అవతలి రాజును చూశాడు. దానికి కదలడానికి ఒక్క గడీ లేదు; గుర్రం ఒక్కసారి దూకితే ఆటకట్టు.

“ఆలోచిస్తున్నా నాయనా,” అంటూ గుర్రాన్ని అందుకున్నాడు.