పిచ్చుక కథల వరస

"అది కాదు నాన్నా! సముద్రం దాటినప్పుడు పిచ్చుక బాగానే ఉంది," అంటూ కూతురు తల విదిలించింది. సగం అల్లిన జడ కాస్తా ఆయన చేతిలోంచి జారిపోయింది.

అమ్మ పోయాక జడతో పాటు పిచ్చుక కథలూ నాన్న మెడకే చుట్టుకున్నాయి. ఆవిడ కల్పించిన కథలు అవి. ఏ పూటకి ఏది తోస్తే అది, వెనకది ముందూ ముందుది వెనకా చెప్పేది. ఆయనకి తలా తోకా తెలియడం లేదు.

"సరే, వరస నువ్వే చెప్పు తల్లీ."

"ముందు గూడు కట్టింది. తర్వాత సముద్రం దాటింది. తర్వాత, ఇంక ఎగరలేనని పిచ్చుకకి తెలిసిపోయింది."

"ఆ కథ ఆసుపత్రిలో చెప్పిందా, చివర్లో?"

"ఊహూ. మనింటికి రంగులేసినప్పుడు. నువ్వు నిచ్చెనెక్కి ఈల వేస్తున్నావు కదా, అప్పుడు."

దువ్వెన ఆగిపోయింది.

డాక్టరు తనొక్కణ్ణే పక్కకి పిలిచి చెప్పిన మర్నాడే ఆయన రంగుల డబ్బాలు తెచ్చాడు. భార్యకి అనుమానం రాకూడదని రోజంతా ఈల వేశాడు. ఏమీ తెలియకుండానే పోయిందని ఇన్నాళ్లూ ఆ ఒక్క మాటతోనే గుండె చిక్కబట్టుకున్నాడు.

"మరి... మగపిచ్చుకకి చెప్పలేదా?" అడిగాడు.

"నేనూ అదే అడిగాను. చెప్పొద్దంది అమ్మ. పాపం, అంత కష్టపడి ఈల వేస్తున్నాడు, వేయనీ అంది."