కుర్చీ తోసే ఆవిడ

చక్రాల కుర్చీ వచ్చి తల్లి చెప్పు మీదికెక్కింది.

"అయ్యో, కాలు నలిగిందా వదినగారూ?"

నెత్తి మీద కొంగు కప్పుకున్న ఆవిడ గబుక్కున కుర్చీని వెనక్కి లాగింది.

"కాలు కాదు, చెప్పే" అంది తల్లి విసుగ్గా.

"నా డ్రైవింగు అంతే. మా ఇంట్లో ఏ గోడ చూసినా ఈయన మోకాళ్ళ గుర్తులే."

కుర్చీలో కూచున్న పెద్దాయన బోసినవ్వు నవ్వాడు. నున్నటి తల, మెడకు మఫ్లరు, ఒళ్ళో ఆసుపత్రి ఫైలు.

పాపం, ఎక్కువ రోజులుండడు అనుకుంది తల్లి.

ఈ ఆసుపత్రిలో అడుగు పెట్టినప్పట్నుంచీ ఆమెకు అన్నీ అలాగే తోస్తున్నాయి. నర్సు నవ్వకపోతే భయం. నవ్వితే ఏదో దాస్తోందని ఇంకా భయం.

పక్కనే కూతురు గోడవైపు తిరిగి కూచుంది. కాలేజీలో చదివే పిల్ల. తలకు రుమాలు కట్టుకుంది. మెడ దగ్గర గడ్డ క్యాన్సరని తేలి, కీమో మొదలై, ఇప్పటికి సగమైంది.

పొద్దున్నే తెగేసి చెప్పింది. "ఇవాళ డాక్టరుతో చెప్పేస్తానమ్మా. ఇక మందెక్కించుకోను. చస్తే చస్తాను."

ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

కుర్చీ తోసే ఆవిడ వచ్చి పక్కన కూలబడింది. తల్లి పెద్దాయన వైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"ఎలా ఉందిప్పుడు?"

"ముదిరాక తెలిసింది. మందుకి లొంగడం లేదట." వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది ఆవిడ.

కూతురు ఇటు తిరిగింది.

"మరెందుకండీ ఈ తిరగడం? మానెయ్యొచ్చుగా?"

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ మాత్రం హాయిగా నవ్వింది. "అద్దెవాడు ఖాళీ చెయ్యనన్నాడని ఇల్లు వాడి పేర రాసిచ్చేస్తామా కోడలా? మాటిమాటికీ వెళ్ళి తలుపు బాదాలి. మనకి నిద్రలేకుండా చేసినవాడికి నిద్రెలా పట్టనిస్తాం?"

"ఇల్లే కూలిపోతోంటేనో?" కూతురు తలమీది రుమాలు లాగేసింది.

ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఆ నున్నటి తలను అరచేత్తో నిమిరింది.

"కూలడం కాదే పిచ్చిపిల్లా, సున్నం రాలింది. వాణ్ణి గెంటేటప్పుడు గోడలకి నాలుగు దెబ్బలు తగలవూ? వాడు పోయాక కొత్తగా వేయిద్దాం. ఈసారి ఎర్రరంగు కొట్టించు. మీ అమ్మ జడుసుకుని చావాలి!"

కూతురు ఫక్కున నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! సంతోషించాల్సిన తల్లికి కోపం ముంచుకొచ్చింది. ఇలాంటి చోట నవ్వులేమిటి? ఈ నవ్వు వెనకాల ఏ ఏడుపు కాచుకుని ఉందో!

"మీ ఒంటికి వచ్చుంటే ఇంత తేలిగ్గా మాట్లాడేవారు కాదు" అనేసింది.

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన భుజం నొక్కింది.

"అదీ నిజమే వదినగారూ. మీరు భయపడుతూ ఉండండి, నేను నవ్విస్తూ ఉంటాను. పిల్లకి రెండూ కావాలి."

అంతలో నర్సు కూతుర్ని పిలిచింది. తల్లి కూతురి మొహంలోకి చూసింది.

కూతురు లేచి రుమాలు సర్దుకుంది. "అత్తా, వెళ్ళి వాడి తలుపు బాదొస్తా" అంది.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కూతురి కళ్ళు ఆ కుర్చీ కోసమే వెతికేవి. వాంతి వస్తే తల్లి కంటే ముందు ఆవిడే గిన్నె పట్టేది.

"కక్కెయ్ కోడలా, మొహమాటపడకు. వాడి సామాన్లే, బయట పడుతున్నాయి!"

వాంతి మధ్యలోనే పిల్ల నవ్వేది.

డాక్టరు పిలిస్తే ఆవిడ ఆయన్ని తోసుకుంటూ గదిలోకి వెళ్ళేది. ఒకసారి నడవలో కుర్చీ పిడి మీద వాలిపోయి రొప్పుతూ తల్లి కంటపడింది. మోయలేని బరువు మోస్తోంది, రేపు ఈయన పోతే ఈవిడ గతేమిటో అని తల్లి దిగులు పడింది.

తర్వాత ఆ కుర్చీ రావడం మానేసింది.

పెద్దాయన పోయినట్టే అనుకుంది తల్లి. కూతురితో మాత్రం అనలేదు. మందులు పూర్తయ్యేదాకా ఆ సంగతి పిల్ల చెవిన పడకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

ఆఖరి మందు కూడా అయిపోయింది. అంతకుముందు తీసిన స్కానింగులో గడ్డ జాడే లేదని డాక్టరు చెప్పాడు. తల్లి మళ్ళీ చెప్పించుకుని మరీ విన్నది.

బయటికొస్తే తలుపు దగ్గర చక్రాల కుర్చీ.

అందులో పెద్దాయన! వెనక తోస్తున్నది ఎవరో కొత్తాయన.

కూతురు గబగబా వెళ్ళింది. "అత్తేదీ మామయ్యా?"

"వెళ్ళిపోయిందమ్మా. నెల దాటింది." ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. "కోడలి ఆఖరి మందు రోజున తప్పకుండా వెళ్ళు, వాడు ఖాళీ చేశాడో లేదో కనుక్కో అని ఒట్టు వేయించుకుంది."

"చేశాడు మామయ్యా" అంటూ కూతురు కుర్చీ పక్కన కూలబడి ఆయన చేతుల్లో ముఖం దాచుకుంది.

తల్లి ఆయన దగ్గరికొచ్చి అడిగింది.

"అదేమిటన్నయ్యగారూ, ఇంత జబ్బుతో మీరుండగా, మిమ్మల్ని చూసుకునే ఆవిడకి ఏమైంది?"

పెద్దాయన ఆమెకేసి వింతగా చూశాడు.

"నాకేం జబ్బమ్మా? కాళ్ళు పడిపోయాయంతే. ఇంట్లో ఒక్కణ్ణీ వదల్లేక, తన వైద్యానికి వచ్చినప్పుడల్లా నన్ను కూడా తోసుకుంటూ వచ్చేది."