మూతెడు మందు

"దీంట్లో ఉన్నవి వైరస్‌లు ఉప్పలయ్యా," అంది కోళ్ల రోగాలు చూసే డాక్టరమ్మ, మందు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి.

షెడ్డులో కోళ్లకు దాణా పోస్తున్న నీలా చెయ్యి ఆగిపోయింది.

ఆ సీసాలోంచి పొద్దున ఎవరూ చూడకుండా మూతెడు ఒంపుకొని, గుడిసెలో ఉన్న ఏడాది కొడుకు దీప్లా నోట్లో పోసి వచ్చింది. కోడిపిల్లల పారుడు, ఆ నీళ్ల విరేచనాలు, ఈ మందుతో కట్టుకుంటాయని డాక్టరమ్మ అనగా నిన్ననే విన్నది. దీప్లాకూ అదే బాధ. ఎండాకాలం నుంచి తగ్గినట్టే తగ్గి తిరగబెడుతున్నది. ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీ వేస్తే కక్కేస్తున్నాడు.

"ఉన్న రోగం సాలదని కొత్తది పట్టుకొచ్చిన్రా అమ్మా?" అన్నాడు కోళ్ల ఫారం మేనేజరు ఉప్పలయ్య.

"దీనికోసం సూర్యాపేట, మిర్యాలగూడ మురుగు మోరీలన్నీ వెతికానయ్యా. చివరికి మీ దగ్గరే దొరికింది."

"మా దగ్గర కోడి పెంట తప్ప ఏముంటదమ్మా?"

ఆ తర్వాతి మాటలు నీలా చెవికెక్కలేదు. పోయినేడు షెడ్డులోని కోళ్లన్నీ తెల్లారేసరికి తలలు వాల్చినప్పుడు, ఉప్పలయ్య చెప్పిన పేరు ఇదే. వైరస్. గుంత తీసి వాటిని పూడ్చింది తనే.

దాణా బొచ్చె అక్కడే పడేసి గుడిసెకు ఉరికింది. దీప్లా కదలకుండా పడుకొని ఉన్నాడు. కింద గుడ్డ పొడిగా ఉంది. రోజూ ఈ వేళకు గుడ్డ మీద గుడ్డ మార్చాల్సిందే. ఆ పొడిగుడ్డను చూస్తే ఆమెకు ఇంకా భయమేసింది. పిల్లవాణ్ణి భుజాన వేసుకొని పరుగున వచ్చి డాక్టరమ్మ కాళ్ల దగ్గర గోనెసంచి మీద పడుకోబెట్టి, తనూ పక్కనే కూలబడింది.

"నీ మందు దొంగతనం జేసిన అమ్మా. మూతెడు వీనికి పోసిన. నన్ను పోలీసోళ్లకు పట్టియ్యి, వీన్ని మాత్రం బతికియ్యి."

"కోళ్ల మందు పిల్లగానికి పోస్తవా? సదువు లేకుంటె మాయె, బుద్ధన్న ఉండొద్దా," అన్నాడు ఉప్పలయ్య.

డాక్టరమ్మ కూర్చుని పిల్లవాడి పొట్ట నొక్కి చూసింది. కనురెప్ప లాగి చూసింది. దీప్లా కళ్లు తెరిచి ఆమె గడియారం పట్టుకొని గుంజాడు.

"వీడికేం కాలేదు. ఈ వైరస్‌లు మనిషిని ముట్టవు, కోడిని ముట్టవు. రోగం తెచ్చే క్రిములనే పట్టి చంపుతాయి. ఆ క్రిములున్న మురుగులోనే ఇవీ పెరుగుతాయి. అట్లని ఇది పిల్లలకు పోసే మందు కాదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తూ, వచ్చే ట్రెక్కరు జీపు ఎక్కి కోదాడ దవాఖానకు పో."

నీలా లేవలేదు.

"ఇంకో తప్పు గూడ ఉన్నదమ్మా."

"ఇంకేం తాపినవే?" ఉప్పలయ్య తల పట్టుకున్నాడు.

"తాపలే సారూ. నువ్వొద్దన్నా ఇనకుండ వీని గుడ్డలు షెడ్డెనక మోరీల ఉతికిన. ఎండాకాలం సంది గాడనే పిండుతున్న. గా నీళ్లకే కోడిపిల్లలకు రోగమొచ్చిందేమో. గీ పాపం గూడ నాదే."

డాక్టరమ్మ సీసా వైపు చూసింది. గడియారం వదలని దీప్లా వైపు చూసింది.

"అయితే దొంగను నేనే నీలా," అంది. "ఈ వైరస్‌లు నాకు దొరికింది ఆ మోరీలోనే, వీడి గుడ్డలు పిండిన నీళ్లలో."