మూడో గ్రామసభ

ఈసారీ జనం రాకపోతే పైవాళ్ళకు ఏం చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాడు రాజ్ కుమార్. దివిసీమ కొసన ఉన్న ఈ ఊళ్ళో గ్యాస్ బావి తవ్వడానికి గ్రామసభ తీర్మానం కావాలి. అది తెచ్చే పని ప్రభుత్వం అతనికి అప్పగించింది.

మొదటి సభకు పదకొండు మంది వచ్చారు. రెండోసారి సర్పంచ్ సుమలత లేచి నిలదీసింది.

"గ్యాస్ తోడితే నేల కుంగుద్దంట. మండిస్తే సముద్రం పెరుగుద్దంట. ముప్పై ఏళ్ళకి ఈ ఊరే ఉండదంటున్నారు. ఏమంటారండీ?"

"ముప్పై ఏళ్ళ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఈ ఎండాకాలం కరెంటు సంగతి చూడాలి కదా."

జనం లేచి వెళ్ళిపోయారు.

ఇవాళ తీర్మానం లేకుండా వెనక్కి రావద్దన్నారు పైవాళ్ళు.

ఊరి మొదట్లో, మెరక మీద ఉంది సభ జరిగే పంచాయతీ హాలు. కారు దిగి అలాగే నిలబడిపోయాడు. హాలు నిండింది. మెట్ల మీద కూడా జనమే. వెనక గుండిగలో అన్నం ఉడుకుతోంది. కంపెనీవాళ్ళు భోజనాలు పెట్టిస్తున్నట్టున్నారు. తనకు ఒక్క మాటైనా చెప్పలేదు.

"సర్పంచ్ గారేరి?"

"బందరెళ్ళారండి, కలెక్టరు గారి దగ్గరికి" అన్నాడు గుమ్మంలో ఉన్న పంచాయతీ బంట్రోతు రాము. "మీరింత తొందరగా వస్తారనుకోలేదండి."

ఆమె తిరిగొచ్చేలోపు ముగించాలి. తీర్మానం గబగబా చదివాడు. మైకు గరగరలాడింది. సగం మాటలు ఎవరికీ అందలేదు. ఆపి బాగుచేయించలేదు.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

"మమ్మల్ని ముందు రాసుకోండి సార్, చంటిపిల్లలున్నారు!"

రిజిస్టరు తెరవగానే తోసుకొచ్చారు. ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి తెచ్చుకున్నారు. ఆడవాళ్ళ చీరలు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. రొయ్యల చెరువుల్లోంచి నేరుగా వచ్చారనుకున్నాడు.

"ఏం మావయ్యా, వరసలో రా! నీ ఒక్కడికేనా ఇల్లుంది?" ఎవరో అరిచారు.

గంటలో రెండు వందల పన్నెండు సంతకాలు. ఒక్కరూ కాదనలేదు. రాజ్ కుమార్ చొక్కా చెమటకు తడిసింది. అయినా ఊపిరి పీల్చుకున్నాడు.

చివరి మనిషి వీరదుర్గ. వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"తెల్లారగట్ల సముద్రం ఇళ్ళల్లోకి వచ్చిన కాడ్నుంచీ మీకోసమే చూస్తన్నామండీ, ఇంటికెన్ని కేజీలిస్తారు బియ్యం?"