ఎనిమిది టిష్యూలు

స్టాటిస్టిక్స్ సబ్జెక్టు మొత్తాన్ని ఎనిమిది టిష్యూల మీదికి ఎక్కించడానికి లోహిత్‌కు నాలుగు రోజులు పట్టింది. సన్నమొన పెన్నుతో, చిరగకుండా, ఊపిరి బిగబట్టి రాశాడు. చిరిగితే మళ్లీ మొదలు. అలా ఒక్కో టిష్యూ అయిదారుసార్లు రాశాడు మహానుభావుడు! ఆ ఓపికలో పావువంతు పుస్తకం మీద పెట్టి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు.

ఈ పరీక్ష ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే యూనివర్సిటీవాళ్లు పేరు కొట్టేస్తారు, స్టూడెంట్ పాస్ రద్దవుతుంది. ఇక సింగపూర్ నుంచి మూటాముల్లె సర్దుకోవడమే.

ఈ టిష్యూల సంగతి ప్రణవికి ఒక్కదానికే తెలుసు. క్లెమెంటి పేటలో అతని పక్క బ్లాకులోనే అద్దెకుంటుంది. లోహిత్ రెండోసారి చదువుతున్న ఈ క్లాసులో ఫస్టు, స్కాలర్‌షిప్ పిల్ల.

"సిగ్గులేదురా నీకు? మన తెలుగోళ్ల పరువు తీస్తావా?" అని దులిపేసింది. అంతలోనే ఒక టిష్యూను వెలుతురుకు పెట్టి చూసి, "రాత మాత్రం ముత్యాల్లా ఉంది. అయిదో చాప్టర్ కూడా రాశావా?" అంది.

"అన్నీ రాశాను తల్లీ. నువ్విక వెక్కిరించకు."

పరీక్షరోజు పొద్దున ఇద్దరూ టిఫినుకు తిండి దుకాణాల హాకర్ సెంటర్‌కు వెళ్లారు. జనం కిటకిటలాడుతున్నారు. ఒక బల్ల ఖాళీ అవడం చూశాడో లేదో, లోహిత్ చెయ్యి దానంతటదే జేబులోకి పోయి, టిష్యూ ప్యాకెట్ తీసి బల్ల మీద పడేసింది. ఇక్కడ సీటు 'చోప్' చేసే పద్ధతే అది. ప్యాకెట్ పెట్టామంటే ఆ బల్ల మనది, ఎవరూ దాని జోలికి రారు.

క్యూలో నిలబడ్డాక గానీ వెలగలేదు, పెట్టింది ఆ ఎనిమిది టిష్యూల ప్యాకెట్టని! వెనక్కి పరుగెత్తాడు.

ప్రణవి అప్పటికే కాఫీ తెచ్చుకుని తాపీగా తాగుతోంది. నీలం ప్యాకెట్ పెట్టినచోటే ఉంది. స్టేషన్ దగ్గర ఒక తాత అమ్ముతాడు వాటిని. క్లెమెంటిలో అందరి దగ్గరా అవే.

"హమ్మయ్య! చూస్తూనే ఉన్నావు కదా?"

"కన్నార్పకుండా," అంది ప్రణవి.

పరీక్ష హాల్లో ముక్కు తుడుచుకునే నెపంతో మొదటి టిష్యూ లాగాడు. తెల్లగా ఉంది. రెండోదీ తెల్లగానే ఉంది. ఎనిమిదీ మల్లెపూలే!

మార్చేసింది! దొంగమొహం, ప్యాకెట్ మార్చేసింది! కోపంతో చెవులు వేడెక్కాయి. ఇక చేసేదేముందని నీరసంగా మొదటి ప్రశ్న చదివాడు. చిత్రం, సూత్రం గుర్తుకొచ్చింది. రెండోదీ అంతే. చిరిగినప్పుడల్లా తిట్టుకుంటూ తిరగరాసిందంతా బుర్రలో పదిలంగా కూర్చుని ఉంది. రెండు గంటల్లో పన్నెండు పేజీలు నింపేశాడు.

ప్రణవిని తలుచుకుంటే కళ్లు చెమర్చాయి. తనను దొంగ కాకుండా కాపాడింది. సొంత చెల్లెలైనా ఇంత మేలు చేయదు అనుకున్నాడు.

అంతలో ఇన్విజిలేటర్ ఆ వరుసలోకి వచ్చాడు. లోహిత్ దర్జాగా తలెత్తి చూశాడు. ఆయన అతన్ని దాటి, వెనక బల్ల దగ్గర ఆగి, ప్రణవి ఒళ్లోంచి ఒక టిష్యూ పైకెత్తాడు. అయిదో చాప్టర్.

ప్రణవి తడబడనైనా లేదు. "నాది కాదు సర్! జలుబుగా ఉందంటే అతనిచ్చాడు. కావాలంటే చేతిరాత చూసుకోండి," అంటూ లోహిత్ వైపు వేలు చూపించింది.

ఇన్విజిలేటర్ వంగి చూశాడు. లోహిత్ బల్ల మీద, జీవితంలో మొదటిసారి సొంతంగా రాసిన పన్నెండు పేజీల నిండా, అవే ముత్యాల్లాంటి అక్షరాలు.