పొన్నగంటిలో పిచ్చాకు

“ఇది పొన్నగంటా దేవీ? కళ్ళు పెట్టి చూసే కోశావా?”

బుజ్జమ్మ చాటలోంచి ఒక రెమ్మ తీసి దేవీబాయి ముఖం ముందు ఆడించింది. చూడటానికి అచ్చం పొన్నగంటే. ఆకు కొస మాత్రం కాస్త గుండ్రంగా ఉంది. కాలువ గట్టు మీద దాని పక్కనే మొలిచే పిచ్చిమొక్క అది.

“పడ్డదేమో అక్కా. గట్టు మీద అన్నీ కలిసే మొలుస్తయి గదా” అంది దేవీబాయి, చాట ముందు గొంతుక్కూచుని.

“నిన్నా ఇదే మాట అన్నావు. మొన్నా ఇదే మాట.”

బడికి బయల్దేరుతున్న కోడలు సిరీష, అత్తగారిని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. “అత్తయ్యా, మొన్న నా డబ్బాలో ఆకుపురుగు వచ్చింది. తోటి టీచర్లందరూ చూశారు. దేవీబాయికి కళ్ళు ఆనట్లేదు. రేపటి నుంచి కూర తేవద్దని ఈరోజే చెప్పేయండి. మీరు చెప్పకపోతే సాయంత్రం నేనే ఫోన్ చేసి చెప్తాను.”

అంటే అనేసింది గానీ, చెప్పడం అంత తేలికా? నలభై నాలుగేళ్ళ కిందట తెనాలి వైపు నుంచి కొత్త కోడలిగా వచ్చి, ఈ బాన్సువాడ మట్టిలో ఏది కూరో ఏది పిచ్చాకో తెలియక బుజ్జమ్మ బిక్కమొహం వేస్తే, నాట్లకు వచ్చిన ఈ దేవీబాయే గట్టు మీద కూచోబెట్టి జొన్నరొట్టెలో పొన్నగంటి కూర పెట్టి తినిపించింది. నాలుగు రకాల ఆకులు కలిపి ఒళ్ళో పోసి ఏరమనేది. తప్పు ఏరితే తండా ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆ రొట్టె రుచి, ఆ నవ్వులు, కాళ్ళ కింద ఆ చల్లటి బురద... ఎంత బాగుండేవో ఆ రోజులు! అన్ని ఆకులూ నేర్పిన ఆ కళ్ళే ఇప్పుడు తప్పుతున్నాయంటే బుజ్జమ్మ ప్రాణం ఉసూరుమంది.

అందుకే మూడు నెలలుగా తనకు తోచిన వైద్యం చేస్తోంది. దేవీబాయిని తినిపించకుండా పంపదు. ఒకరోజు మునగాకు పప్పు, ఒకరోజు గుడ్డు, ఒకరోజు బొప్పాయి ముక్కలు. అసలు సంగతి మాత్రం బయటపెట్టదు.

సిరీష వెళ్ళిపోయాక బుజ్జమ్మ టీ తెచ్చింది. పోస్తుంటే సగం సాసర్లో పడింది. “దిక్కుమాలిన కప్పు, దీని మూతి ఇంతే ఉంది!” అని కప్పును తిట్టింది.

దేవీబాయి చాట మీద చెయ్యి వేయబోయింది.

“నువ్వు ముట్టుకోకు తల్లీ, నేను ఏరతాను. అరవై ఆరొచ్చినా నాకింకా కళ్ళజోడు రాలేదు” అని బుజ్జమ్మ కట్టంతా రెమ్మ రెమ్మా ఏరింది. ఇంకేమీ లేవని తేల్చుకుని గుడ్లు తేవటానికి లేచింది. తిరిగొచ్చేసరికి చాట దేవీబాయి ఒళ్ళో ఉంది.

“చెప్తే వినవు కదా!” అని లాక్కుంది.

ఎండుమిర్చి, వెల్లుల్లి వేగాయి. నానబెట్టిన పెసరపప్పు, దాని మీద ఆకు, చివర్లో రెండు గుడ్లు కొట్టి పోసి కలిపింది. ఇల్లంతా పాత నాట్ల కాలం వాసన వేసింది. కూరంతా దేవీబాయి పళ్ళెంలోకి ఒంపి, తను ఆవకాయ అన్నం కలుపుకుంది.

“నువ్వు తినవా అక్కా?”

“ఆకులు తిని తిని నాకు మొహం మొత్తిందే. కళ్ళకి కావలసింది నీకు.”

మాట జారిపోయింది. దేవీబాయి చెయ్యి పళ్ళెం మీదే ఆగింది. ఇంక దాచి లాభం లేదు.

“కోపం తెచ్చుకోకు దేవీ. నీకు కళ్ళు ఆనట్లేదు. శనివారం దవాఖానకు కళ్ళ డాక్టరు వస్తాడట, నేనే తీసుకుపోతాను. అప్పటిదాకా కూర తేవద్దు. నువ్వు మాత్రం రావాలి. ఉత్త చేతులతో రా, నాకేం! నువ్వు గుమ్మంలోకి రాకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు.”

దేవీబాయి ఒక్క ముద్ద కూడా ముట్టలేదు. పళ్ళేన్ని మెల్లగా బుజ్జమ్మ ముందుకు జరిపింది.

“శనివారం పక్కా పోదాం అక్కా. గీ ముచ్చట ఎట్ల చెప్పాల్నో తెల్వక మూడు నెలల సంది నేను ఫికర్ పడుతున్న. ఉత్తగ చెప్తే నువ్వు ఇంటవా? ఇగ గీ కూర నువ్వే తిను.”

“నేనెందుకే?”

దేవీబాయి కొంగుముడి విప్పి బుజ్జమ్మ అరచేతిలో రెండు రెమ్మలు పెట్టింది. బుజ్జమ్మ వాటిని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. ఆకు కొసలు గుండ్రంగా ఉన్నాయి.

“రోజూ నేనే కలిపి తెస్తున్న. మొదట్ల రెండు పెడితే రెండూ పట్టినవ్. ఇయ్యాల మూడు పెట్టిన బుజ్జక్కా, నీకు దొరికింది ఒక్కటే.”